మగ్గానికి వేసిన మాల

మా మామ, అంటే మా ఆయన తండ్రి, ఏ రంగునీ ట్యూబ్‌లైట్ కింద చూసి ఒప్పుకునేవాడు కాదు. రంగు వేసిన నూలు లడిని, అంటే పోగుల చుట్టను, పట్టుకుని ఉత్తరం వైపు కిటికీ దగ్గరికి పోయేవాడు. ఎండ నేరుగా పడని చోట నిలబడి, కళ్ళు చికిలించి, లడిని ఇటూ అటూ తిప్పి చూసి అప్పుడు చెప్పేవాడు, అది నిలిచే పక్కా రంగో, ఉతికితే పోయే కచ్చా రంగో. సోలాపూర్ దాజీ పేట్‌లో మా ఇంటి వెనక వాకిట్లో ఆయన రంగుల గాబులు ఉండేవి. ముందు గదిలో ఆయన తండ్రి నాటి చేతి మగ్గం ఉండేది. దాని మీద నేత అప్పటికే తగ్గిపోయింది. మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. గడప దగ్గర అత్తమ్మ చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టేది. చేతులు బీడీల మీద ఉండేవి, చూపు వీధి మీద ఉండేది, నోరు మా అందరి మీదా ఉండేది.

తొంభైల చివరి సంవత్సరాలవి. నేను మొదటిసారి కడుపుతో ఉన్నాను. పేట చివర చిన్న ప్రసూతి ఆసుపత్రి ఒకటి ఉండేది. దాన్ని నడిపే ఆమెను మేమందరం డాక్టర్ బాయి అనేవాళ్ళం. మరాఠీ ఆమె, మెల్లగా మాట్లాడేది. కడుపుతో వచ్చిన ప్రతి ఆడమనిషి రక్తంలోనూ ఆమె అప్పుడే కొత్తగా ఒక పరీక్ష చేయించడం మొదలుపెట్టింది. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి, నా ఫలితం చేతిలో పట్టుకుని చెప్పింది.

"నీ రక్తంలో ఒక క్రిమి పైపొర కనపడింది. పైపొర ఉందంటే క్రిమి ఉన్నట్టే. హెపటైటిస్ బి అంటారు. కాలేయాన్ని పట్టుకునేది. నీకు ఇప్పుడు జబ్బు లేదు, నీ కాలేయం బాగానే ఉంది. కానీ క్రిమి నీలో కాపురం ఉంది. అది నీ బిడ్డకు పోకుండా చూసుకోవాలి."

కామెర్ల లాంటిదా అని అడిగాను. కామెర్లు తెచ్చే క్రిముల్లో ఇదొకటి, కానీ చాలామందికి పసుపు కనపడకుండానే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది అంది. పెద్దవాళ్ళకు సోకితే ఎక్కువమందికి దానంతట అదే పోతుందట. అప్పుడే పుట్టిన బిడ్డకు సోకితే మాత్రం చాలాసార్లు జీవితాంతం పోదట, నడివయసులో కాలేయాన్ని తినేస్తుందట. బిడ్డ కడుపులో ఉండగా అది సోకడం తక్కువ, కానుపు సమయంలోనే ఎక్కువగా సోకుతుంది. అందుకని పుట్టిన కొద్ది గంటల్లోనే రెండు సూదులు వేయాలి. ఆలస్యమైన కొద్దీ వాటి బలం తగ్గుతుంది.

నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికి వచ్చాను. అత్తమ్మకు చెప్పాను.

"కావీళా? నీకా?" అంది. సోలాపూర్‌లో కామెర్లను మేము కూడా మరాఠీ వాళ్ళలాగే కావీళ్ అంటాం. చాట పక్కన పెట్టి లేచి నా కింది రెప్ప లాగి చూసింది. "గీ కండ్లు జూడు, దూది లెక్క తెల్లగున్నయి. ఆ డాక్టర్ బాయికే జెర కండ్లద్దాలు మార్పియ్యాలె."

ఇప్పుడు బువా గురించి చెప్పాలి. భజన పెద్దను మా దగ్గర బువా అంటారు. ఆయన అసలు పేరు మాకెవరికీ గుర్తు లేదు. పగలు మగ్గం మీద, సాయంత్రం మా గుడి మంటపంలో పోథీ ముందు. పోథీ అంటే మేము వంతులవారీగా పారాయణం చేసే పుస్తకం. ముసలితనంలో ఆయన కళ్ళకు పొర వచ్చింది. అప్పటినుంచి ఆడవాళ్ళ వరసలో కూర్చున్న నన్ను ముందుకు పిలిచి చదివించేవాడు. నేను ఒక పద్యం చదివితే ఆయన కళ్ళు మూసుకుని అర్థం చెప్పేవాడు. బడిలో నాకు అక్షరాలు నేర్పారు, వాటి వెనక దేవుడు ఉంటాడని నేర్పింది బువానే. ఏ ఏకాదశీ నేను తప్పలేదు. విఠోబా, మా పాండురంగడు, నా ఇంటి మనిషి అన్నంత నమ్మకం నాది, ఇప్పటికీ అంతే.

ఆ బువానే ఆదివారం పొద్దున గుడి అరుగు మీద కూర్చుని కామెర్లకు మాల వేసేవాడు. ఏదో తీగ పచ్చి కాడల్ని చిన్న ముక్కలుగా కోసి, నామం చెప్పుకుంటూ దారంతో ముడి ముడికీ ఒక ముక్క బిగించి చిన్న చుట్టలా కట్టేవాడు. దాన్ని నెత్తిన పెట్టేవాడు. అది రోజు రోజుకూ పెద్దదై, నెత్తి మీంచి మెడకు, మెడ మీంచి నడుముకు, చివరికి కాళ్ళకు దిగేది. మాల దిగితే రోగం దిగినట్టు. భవాని పేట్ నుంచి, జోడ్‌భావి పేట్ నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. ఆయన కొబ్బరికాయ తప్ప ఇంకేమీ ముట్టేవాడు కాదు.

అత్తమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. బువా నా నెత్తిన మాల పెట్టాడు. కొన్ని రోజులకు అది చెవుల మీదికి జారింది, తర్వాత మెడలో పడింది. ఒక ఉదయం నేను వాకిలి ఊడుస్తుంటే నడుము దాటి కాళ్ళ చుట్టూ పడింది. నేను చీపురు పట్టుకునే ఏడ్చాను, అంత సంతోషం. అత్తమ్మ వీధిలో అందరికీ చక్కెర పంచింది.

"దిగింది! ఇగ మంచిగ తల్లిగారింటికి పోయి నీళ్ళాడు బిడ్డా," అంది.

మా ఇళ్ళల్లో మొదటి కానుపు పుట్టింట్లోనే. మా అమ్మ కరీంనగర్ వైపు పల్లెలో ఉండేది. సోలాపూర్ నుంచి ఒక బస్సు, దిగి ఇంకో బస్సు, దిగి నడక. డాక్టర్ బాయి ఒప్పుకోలేదు. ఆ సూదులు ఐసులో ఉంచాలి, ఆ పల్లెలో దొరకవు, దొరికే ఊరికి పోయేసరికి గంటలు గడిచిపోతాయి అంది. మాల సంగతి చెప్పాను. నవ్వలేదు. మళ్ళీ ఒకసారి రక్తం తీసి పంపింది. ఫలితం మునుపటిదే వచ్చింది.

ఇంట్లో కాగితానిదొక పక్షం, మాలదొక పక్షం అయింది.

"కాగితం మనిషి రాసింది. మాల దేవుడు దింపింది," అంది అత్తమ్మ. "నువ్వెవల్ని నమ్ముతవ్, చెప్పు. దినాం పోథీ చదువుతవ్ గదా."

ఆ మాట నా గుండెలో దిగబడింది. నేను ఎవరిని నమ్మాలి? పొరపాటు కాగితానిది అయితే ఊరికే రెండు సూదులు వేయించుకున్నట్టు అవుతుంది. పొరపాటు మాలది అయితే నా బిడ్డ పుట్టిన రోజే జీవితాంతం మోయాల్సింది నెత్తిన పెట్టుకుంటుంది. ఈ లెక్క తెలిసి కూడా ఇక్కడే కంటానని చెప్పలేకపోయాను. మాలను కాదంటే బువాను కాదన్నట్టు, బువాను కాదంటే నాకు నామం ఇచ్చిన చేతిని కాదన్నట్టు అనిపించింది. పూజ ముందు కూర్చుంటే కూడా అదే ఆలోచన. మా ఆయన అటు తల్లినీ ఇటు నన్నూ చూసి కార్ఖానాకు పోయేవాడు. మామ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే ఏదో చేస్తున్నాడని అర్థం.

కొన్నాళ్ళ తర్వాత, ఒక ఉదయం, దేవుడికి దీపం పెట్టడానికి ముందు గదిలోకి పోయిన అత్తమ్మ అక్కడే ఆగిపోయింది.

"ఇదేంది?"

మగ్గం పైకమ్మికి గోడ వైపు, ఎవరి కంటా పడని చోట ఉన్న మేకు నుంచి ఒక మాల వేలాడుతోంది. బువా కట్టే మాలే, అవే కాడ ముక్కలు. దాని కొస నేలకు తగిలాకే ఆమె కంటపడింది.

"మాల," అన్నాడు మామ, టీ తాగుతూ.

"ఎవలది?"

"మగ్గానిది. దానికి గూడ కావీళ్ అయినట్టుంది జూడు. ఏసిననాడు గిదో, గీ సున్నపు గీత కాడ ఉండె. దినాం జెరజెర దిగుకుంట ఇయ్యాల నేలకు వచ్చింది. ఏమే, దీనికేం పథ్యం పెడుదాం? నూనె బందు జేద్దామా?"

కమ్మి పక్కన గోడ మీద ఆయన సున్నంతో గీసిన గీత నిజంగానే ఉంది. అంత ఎత్తున ఉన్న చిన్న చుట్ట ఇంత పొడుగు ఎలా అయింది? అత్తమ్మ ఒకసారి మాలను చూసింది, ఒకసారి మొగుణ్ణి చూసింది.

"నీ మొకం! దేవునితోటి పరాచికాలా?"

"దేవునితోటి గాదే, కాడలతోటి. పచ్చి కాడ ఎండితే సన్నబడ్తది. సన్నబడ్తే ముడి వదులైతది. ముడి వదులైతే దారం సాగుతది. నేను పుట్టిన కాన్నుంచి దారంతోనే ఉన్న. దారం ఎందుకు సాగుతదో నాకు ఎర్క ఉండదా?"

బువా దగ్గర ఇంకో మాల అడిగి తెచ్చాడట, ఇంట్లో ఇంకొకరికి అని. మగ్గం ఇంట్లోదే కదా, అబద్ధం ఎట్లా అవుతుంది అని మామ వాదన. మా ఆయన నవ్వాపుకోలేక వాకిట్లోకి పోయాడు. అత్తమ్మ మాత్రం ఆ రోజంతా మామకు అన్నం పెట్టి పలకకుండా పోయింది.

నేను నవ్వలేదు. సాయంత్రం గుడికి అందరికంటే ముందు పోయాను. బువా ఒక్కడే కూర్చుని భజన తాళాల తాడు సరిచేసుకుంటున్నాడు. నా నోటితో నేను చెప్పాలి, వేరేవాళ్ళ నోట వినకూడదు అనుకుని మగ్గం సంగతంతా చెప్పాను.

ఆయన చాలాసేపు నవ్వాడు. పళ్ళు లేని నవ్వు, చిన్నపిల్లవాడి నవ్వు.

"మీ మామ పక్కా రంగు," అన్నాడు. "ఇను బిడ్డా. మాల దిగుడు నాకు ఎరుకనే. నాకు నేర్పినాయన ఏం జెప్పిండంటే, మాల నెత్తి మీద ఉన్నన్ని దినాలు మనిషి కల్లు తాగడు, నూనె ముట్టడు, బరువు మొయ్యడు, దేవుని తలుస్తడు. కండ్లు పచ్చబడ్డోళ్ళల్ల చానామందికి గది చాలు, పానం తేటపడ్తది. మాల మనిషిని పండవెట్టనీకి. రక్తంల ఏం గూసుందో నా మాలకేం ఎరుక? నాకు పోథీల అచ్చరాలే కనవడ్తలేవు, నీ రక్తం కనవడ్తదా?"

"మరి నేనేం జెయ్యాలె బువా?"

"కానుపు ఈడనే కానియ్యి. నామం నువ్వు జెప్పు, సూది ఆమె ఏస్తది. రెండూ ఆయన సేవనే. ఆ డాక్టర్ బాయి చేతిల సూది పెట్టింది ఎవలనుకుంటున్నవ్?" అని, "ఇగ పోథీ తియ్యి. నిన్న ఏడ ఆపినం?" అన్నాడు.

నాకు ఆ రోజు పద్యం కంటే ఆ మాటే ప్రసాదం. దేవుడు ఒక్క దారిన మాత్రమే వస్తాడని అనుకోవడం భక్తి కాదని నాకు బువా చెప్పకుండానే చెప్పాడు.

అత్తమ్మకు ఇంకా ఒక బాధ మిగిలింది. "కోడల్ని తల్లిగారింటికి తోలలేదని నలుగురు ఏమంటరు?"

"నలుగుర్ని గూడ ఆ మేకుకే ఏలాడదియ్యి," అన్నాడు మామ.

ఆయన డాక్టర్ బాయి మాటల్ని అత్తమ్మకు తన పనిలోంచి చెప్పాడు. ఎర్రనూలు పోగు ఒకటి, తెల్లనూలు పోగు ఒకటి కలిపి మెలితిప్పి చూపించాడు. రంగు నిలుస్తుందో లేదో చూసే పద్ధతి ఇది. పొడిగా ఉన్నంతసేపు రెండూ పక్కపక్కనే ఉన్నా తెల్లపోగుకు ఏమీ కాదు. నీళ్ళలో పిండినప్పుడే ఎరుపు దిగుతుంది. "కానుపు గా నీళ్ళ లెక్క. ఇన్ని నెలలు కడుపుల ఉన్నా బిడ్డకు ఏంగాదు, గా ఒక్క దినమే భయం. తెల్లపోగుకు ముందుగాల్నే గంజి పట్టిస్తే రంగు ఎక్కది. సూది గంజి లెక్క." గంజి పట్టించినా రంగు ఎక్కే నూలు ఉంటుందని మా ఆయన అన్నాడు. "నువ్వు నోర్మూసుకో," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ నెలలో వాళ్ళిద్దరూ ఏకమైంది అదే మొదటిసారి.

నేను పుట్టింటికి పోలేదు కాబట్టి పుట్టిల్లే నా దగ్గరికి వచ్చింది. అమ్మ జొన్నపిండి మూటతో, కారప్పొడి సీసాతో బస్సు దిగింది. డాక్టర్ బాయి మా ఆయన రక్తం, అత్తమామల రక్తం చూసింది, వాళ్ళకు లేదు. మా ఆయనకు అది సోకకుండా టీకా వేసింది. మగ్గాల మోతలో రోజంతా నిలబడే మనిషి సూది చూసి బెంచీ మీద కూలబడ్డాడు. తర్వాత డాక్టర్ బాయి అమ్మది కూడా చూస్తానంది. అమ్మ రక్తంలో నాలాగే ఉంది.

అమ్మకు నేనే చెప్పాను.

"అంటే నేనే ఇచ్చిన్నా బిడ్డా నీకు?"

అలాగే అయి ఉండొచ్చని, తప్పకుండా అదేనని మాత్రం చెప్పలేమని డాక్టర్ బాయి అంది. ఆ మాటలో తేడా అమ్మకు పట్టలేదు. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అప్పుడు గడప దగ్గర బీడీ ఆకు కత్తిరిస్తున్న అత్తమ్మ కత్తెర కింద పెట్టి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"ఊకో వదినె. నువ్వు పానమిచ్చినవ్, పాలిచ్చినవ్. అవి ఎరుకై ఇచ్చినవ్. ఇది ఎరుక లేక పోయింది. నీకు ఎవలన్న జెప్పిన్రా, నాకు ఎవలన్న జెప్పిన్రా? ఈ పోరికి చెప్పిన్రు. గంతే." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేం జూస్తున్నవ్, టీ పెట్టు," అంది.

కామెర్ల గురించి, మాల గురించి ఆమె వాదించిన మాటలన్నీ ఆ ఒక్క మాటతో నేను మరిచిపోయాను.

బిడ్డ పట్టపగలే పుట్టింది. బయట వీధంతా పవర్‌లూమ్‌ల మోత, లోపల నేను నామం చెప్పుకుంటున్నాను. ఆడపిల్ల. బొడ్డు కోసి తుడిచిన కాసేపటికే డాక్టర్ బాయి ఒక తొడకు ఒక సూది, ఇంకో తొడకు ఇంకో సూది వేసింది. ఒకటి తయారుగా ఉన్న కాపలా, వెంటనే పని చేస్తుంది, కొన్ని నెలలకు కరిగిపోతుంది. రెండోది టీకా, బిడ్డ ఒంటికి తన కాపలా తనే కాసుకోవడం నేర్పుతుంది. ఇంకో రెండుసార్లు వేయించాలి.

అత్తమ్మ తలుపు సందులోంచి అడిగింది. "బాయీ, పాలు తాపొచ్చునా? పాలల్లకెల్లి పోదా?"

"తాగించాలి. సూదులు పడ్డాయి. పాలకు భయం లేదు."

అత్తమ్మ లోపలికి వచ్చి తన చేత్తోనే బిడ్డను నా రొమ్ముకు అందించింది.

మూడో రోజు బిడ్డ పసుపుగా కనపడింది.

మొదట అమ్మ చూసింది, తర్వాత అత్తమ్మ. మామ గాబు దగ్గర్నుంచి చేతులు కడుక్కుని వచ్చి, తెల్లనూలు లడి ఒకటి తీసుకుని, బిడ్డను ఉత్తరం కిటికీ దగ్గరికి ఎత్తుకుపోయాడు. లడిని బిడ్డ చెంప పక్కన పెట్టి చూశాడు. వెనక్కి తీసి మళ్ళీ పెట్టి చూశాడు. ఆ మనిషి ఒకే రంగును రెండుసార్లు పోల్చడం నేను అదొక్కసారే చూశాను.

"పసుపే," అన్నాడు చివరికి.

అత్తమ్మ చెప్పులు వేసుకుంది. బువా దగ్గరికేనని అందరికీ తెలుసు. మామ ఆపలేదు, ఆయనకు కూడా మగ్గం గుర్తు రాలేదు. నేనే పిలిచాను. "అత్తమ్మా, బువా ఏం జెప్పిండు? రక్తంలది ఆయనకు కనవడదని జెప్పిండు గదా. దవాఖానకు పోదాం పట్టు." ఆమె గడప మీదే నిలబడి, ఒక క్షణం ఆలోచించి, బిడ్డను కొంగులో చుట్టుకుని నాకంటే ముందు నడిచింది.

డాక్టర్ బాయి బిడ్డను విప్పి చూసి ముందు ఒక మాట అంది. "ఇందులో సగం మీరు పూసిన పసుపు. ముందు తుడవండి." అమ్మ పసుపు నలుగు పెట్టి చేయించిన స్నానం! తుడిచాక కూడా కాస్త పసుపు మిగిలింది. ఆమె నుదుటి మీద వేలితో నొక్కి చూసింది, ఒక చుక్క రక్తం కూడా చూసింది. చాలామంది పసిపిల్లలకు మొదటి వారంలో వచ్చే పసుపే ఇది, పాలు బాగా పడితే పోతుంది అంది. "ఆ క్రిమి ఇంత తొందరగా పసుపు తేదు. తల్లి తెల్లగా ఉంది, ఆమెలో క్రిమి ఉంది. బిడ్డ పచ్చగా ఉంది, ఈ పసుపు ఆ క్రిమిది కాదు. మీరు కళ్ళతో చూడటం మానండి."

రంగు చూసి బతికే ఇంటికి చెప్పిన మాట అది. మామ తల వంచుకుని విన్నాడు.

"మరి ఎప్పుడు తెలుస్తది?" అన్నాడు.

"టీకాలన్నీ పూర్తి కావాలి. ఏడాది నిండేటప్పుడు రక్తం చూద్దాం. అంతకుముందు చూస్తే నేను వేసిన సూదే అందులో కనపడుతుంది, తల్లి రక్తం నుంచి దాటి వచ్చినవి కూడా కనపడతాయి. ఏది బిడ్డదో తెలియదు."

"అంటే తడి మీద రంగు జూడొద్దు," అన్నాడు మామ. ఆయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. తడి మీద ప్రతి రంగూ ముదురుగా, తప్పుగా కనపడుతుంది. ఆరాకే చెప్పాలి. అది ఆయనకు అర్థమైంది, ఆయనకు అర్థమైనాక ఇంట్లో అందరికీ అర్థమైంది.

ఆ ఏడాది ఎలా గడిచిందో దేవుడికి తెలుసు. పసుపు వారంలోనే పోయింది. పిల్ల బోర్లా పడింది, పాకింది, అత్తమ్మ చాటలో తంబాకు మీద చేయి వేసి దెబ్బ తినబోయింది. టీకా రోజు వస్తే అత్తమ్మే ముందు తయారయ్యేది, వీధిలో ప్రతి ఒక్కరికీ ఎక్కడికి పోతున్నామో చెప్పేది. గుడిలో ఒకామె నా పక్కన తీర్థం తీసుకోవడానికి వెనకాడింది. బువా అది ఎలా గమనించాడో, ఆ మసక కళ్ళతో! నన్నే ముందు పిలిచి చెంచాతో నా చేతిలో తీర్థం పోసి, అదే చెంచాతో తనూ తీసుకుని, పోథీ చదవమన్నాడు. కలిసి కూర్చున్నా, ఒకే పళ్ళెంలో తిన్నా అది అంటదని డాక్టర్ బాయి ముందే చెప్పింది. బువా ఆ మాట అడగలేదు, ఆయనకు అవసరం పడలేదు.

నేను మాత్రం లోపల ప్రతి రోజూ భయపడ్డాను. పిల్ల నవ్వితే కూడా భయపడ్డాను. అప్పుడు నా ప్రార్థన ఒకటే. "విఠోబా, ఇటుక మీద నిలబడి యుగాల నుంచి ఎదురుచూస్తున్నవాడివి నువ్వు. నాకు ఒక్క ఏడాది నిలబడటం నేర్పు." ఆయన నేర్పాడు. కాళ్ళు నొప్పి పెట్టినా నేర్పాడు.

పుట్టినరోజు దాటాక రక్తం తీశారు. ఫలితం మా ఆయన కార్ఖానా నుంచి వస్తూ తెచ్చాడు. గడపలోనే నిలబడిపోయాడు.

"రెండు రాసిన్రు," అన్నాడు. "ఒకటి లేదని ఉంది. ఒకటి ఉందని ఉంది."

అత్తమ్మ చాట జారి బీడీలు నేల మీద పడ్డాయి. ఉంది అన్న మాట ఒక్కటే మా అందరికీ వినపడింది. ఎవరూ చెప్పులు కూడా సరిగా వేసుకోలేదు. నేను, పిల్ల, అత్తమ్మ, నీలిరంగు చేతులతో మామ, మా ఆయన, అందరం ఆసుపత్రికి పరుగు లాంటి నడక నడిచాము. దారిలో అడిగినవాళ్ళకు అత్తమ్మ జవాబు చెప్పలేదు. ఆమె నోరు మూసుకుపోవడం పేటంతా చూసింది.

డాక్టర్ బాయి కాగితం చూసింది. నవ్వింది. ముందు నవ్వి తర్వాత చెప్పింది, అది ఆమె దయ.

"మొదటి పరీక్ష క్రిమి పైపొర కోసం వెతుకుతుంది. నీలో కనపడింది అదే. ఈ పిల్లలో లేదు. రెండోది ఆ క్రిమిని అడ్డుకునే కాపలా కోసం వెతుకుతుంది. అది ఉంది. నేను పుట్టినరోజున వేసిన కాపలా ఎప్పుడో కరిగిపోయింది. ఇది ఈ పిల్ల ఒళ్ళు తనంత తాను తయారు చేసుకున్నది. మీకు కావలసింది ఈ రెండే. ఒకటి లేకపోవడం, ఒకటి ఉండటం."

"మల్ల జెప్పు బాయీ," అంది అత్తమ్మ.

ఆమె మళ్ళీ చెప్పింది.

"ఇంగోపారి."

ఆమె ఇంకోసారి చెప్పింది. ఈసారి మామ గోడకు తిరిగి, నీలం చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు. ఇంటికి పోయేదాకా ఆ నీలం మరక ఆయన బుగ్గ మీద ఉంది. ఎవరమూ చెప్పలేదు.

నా రక్తంలో అది ఇప్పటికీ ఉంది. ఏడాదికోసారి పోయి కాలేయం చూపించుకుంటాను. అమ్మ కూడా చూపించుకుంటుంది. మా ఇద్దరి నుంచి అది ముందుకు పోలేదు, ఆ పిల్లకు అందకుండా ఆగిపోయింది. ఇది ఆయన దయ కాక ఏమిటి అని నేను నమ్ముతాను. ఆ దయ ఐసు పెట్టెలో ఉన్న సూది రూపంలో వచ్చిందని కూడా నమ్ముతాను.

మగ్గం మీది మాల ఏడాదంతా అక్కడే ఉంది. దేవుడి నామంతో కట్టింది పారేయకూడదని అత్తమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చాక తనే స్టూలు వేసుకుని దించింది. ఎండిపోయి చేతిలోనే పొడి అయింది. దాన్ని గుడ్డలో కట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని, పిల్లను చంకనెత్తుకుని గుడికి బయలుదేరింది.

"రోగం దిగిందని తప్పు జెప్పిన మాలకు కొబ్బరికాయ ఏందే?" అన్నాడు మామ.

"నీ మగ్గానికి కావీళ్ తగ్గింది గదా," అంది ఆమె. "దానికి."

సాయంత్రం నేను మంటపంలో పోథీ ముందు కూర్చున్నాను. బువా తీర్థం పోస్తూ వరస వెంట వస్తున్నాడు. అత్తమ్మ దగ్గర ఆగాడు. చాచిన చేతిని తడిమి చూశాడు.

"గిదెవలి చెయ్యి, గింత చిన్నగున్నది?"

"నా మన్మరాలిది బువా," అంది అత్తమ్మ. "ఇగ ఎదురుచూసుడు అయిపోయింది."

ఆయన ఆ చిన్న చేతిలో ఒక్క చుక్క పోశాడు. పిల్ల వేళ్ళు చప్పరించింది, ఇంకా కావాలని చేయి చాచింది. నేను నిన్న ఆపిన చోట వేలు పెట్టుకుని ఉన్నాను. అక్షరాలు కాసేపు కనపడలేదు. తర్వాత చదవడం మొదలుపెట్టాను.